ఉప్పు, సున్నం, నీరు: వినాళ గ్రంథుల లోపాలు దేహ రసాయనంలో విడిచే జాడలు

మనిషి రక్తం ఉప్పగా ఉంటుందన్న సంగతి అందరికీ తెలిసినదే కాని, ఆ ఉప్పదనం ఎంత కచ్చితమైన కొలతకు కట్టుబడి ఉంటుందో సాధారణంగా ఎవరూ తలచుకోరు. ఆరోగ్యవంతుల రక్తంలో సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ మధ్యనే ఉంటుంది; పొటాషియం 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మధ్యన, సున్నానికి మూలధాతువైన కాల్షియం 100 మిల్లీలీటర్లకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్యన నిలిచి ఉంటాయి. ఒక పూట ఆవకాయతో కడుపునిండా తిన్నా, మరొక పూట పస్తున్నా, రోహిణీకార్తె ఎండలో చెమట ధారలు కట్టినా ఈ అంకెలు తమ హద్దు దాటవు. వాటిని హద్దులో ఉంచే శ్రమ మూత్రపిండాలది, ఎముకలది, పేగులది. అయితే ఏ వేళ ఎంత పని చేయాలో ఆ అవయవాలకు కబురు పంపేవి మాత్రం వినాళ గ్రంథులు. ఆ గ్రంథులలో ఒకటి చెడినప్పుడు రోగికి తెలిసేది నీరసం, దాహం, తిమ్మిరి, గుండెదడ వంటి అస్పష్టమైన బాధ మాత్రమే కాగా, రక్తంలోని లవణాల లెక్కలో మాత్రం ఏ గ్రంథి చెడిందో సూచించే జాడ చాలావరకు స్పష్టంగానే పడుతుంది. ఆ జాడను చదవడం ఎలాగన్నదే ఈ ప్రసంగ విషయం.

లాలాజల గ్రంథులు, చెమట గ్రంథులు తమ స్రావాన్ని సన్నని నాళాల ద్వారా ఒక నిర్దిష్ట స్థలానికి చేరవేస్తాయి. అటువంటి నాళాలు లేక, తమ స్రావాన్ని నేరుగా రక్తంలోకే విడిచే గ్రంథులను వినాళ గ్రంథులు అంటారు. అవి విడిచే రసాయనాలు హార్మోన్లు. 1902లో లండన్‌లో విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ అనే శరీరధర్మ శాస్త్రజ్ఞులు, పేగు గోడలో పుట్టిన ఒక పదార్థం రక్తంలో ప్రయాణించి క్లోమ గ్రంథి చేత రసాన్ని స్రవింపజేస్తుందనీ, అందుకు నరాల ప్రమేయం అక్కరలేదనీ నిరూపించారు. ఇటువంటి రసాయన వార్తాహరులకు 1905లో స్టార్లింగ్ హార్మోన్ అనే పేరు పెట్టాడు. ప్రేరేపించడం అనే అర్థమున్న గ్రీకు ధాతువు దానికి మూలం.

గ్రంథి తన ఇష్టం వచ్చినట్టు హార్మోన్‌ను విడవదు. చెరువు కింద పొలాలకు నీళ్ళు పారించే నీరటి మళ్ళలో నీరు తగ్గితే తూము ఎత్తి, నిండితే తూము దించినట్టుగా, ప్రతి గ్రంథీ తన పని ఫలితాన్ని రక్తంలోనే చూసుకుంటూ స్రావాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది. ఈ ఏర్పాటును పునఃప్రేరణ నియంత్రణ అంటారు. కొన్ని గ్రంథులకు మెదడు అడుగున శనగగింజంత పరిమాణంలో ఉండే పీయూష గ్రంథి, దానిపైన హైపోథాలమస్ అనే మెదడు భాగం పెద్దరికం వహిస్తాయి. అందువల్ల లోపం గ్రంథిలోనే ఉండవచ్చు, దానిని నడిపించే పై గ్రంథిలోనూ ఉండవచ్చు. వైద్యుడు హార్మోన్‌ను మాత్రమే గాక దానిని ప్రేరేపించే హార్మోన్‌ను కూడా కొలిపించడం ఈ తేడాను పట్టుకోవడానికే.

దేహంలోని ఉప్పు లెక్కకు ముఖ్యమైన కాపలాదారులు అడ్రినల్ గ్రంథులు. ఒక్కొక్క మూత్రపిండం మీద టోపీలా కూర్చుని, నాలుగైదు గ్రాములకు మించి తూగని ఈ గ్రంథుల పై పొర ఆల్డోస్టెరోన్, కార్టిసాల్ అనే రెండు ముఖ్యమైన హార్మోన్లను తయారుచేస్తుంది. ఆల్డోస్టెరోన్ మూత్రంలోకి పోబోయే సోడియంను వెనక్కి మళ్ళించి, బదులుగా పొటాషియంను బయటికి పంపుతుంది. కార్టిసాల్ రక్తపోటును, రక్తంలోని చక్కెరను నిలబెడుతూ జ్వరం, గాయం, శస్త్రచికిత్స వంటి కష్టకాలాన్ని తట్టుకునే శక్తినిస్తుంది. ఈ గ్రంథులు నశిస్తే సోడియం మూత్రంలో కొట్టుకుపోయి రక్తంలో తగ్గుతుంది, పొటాషియం పేరుకుంటుంది, రక్తపోటు పడిపోతుంది, చక్కెర తగ్గుతుంది. లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ ఆడిసన్ 1855లో తొలిసారి వర్ణించిన ఈ వ్యాధికి ఆయన పేరే నిలిచింది. ఆయన చూసిన రోగులలో పలువురి గ్రంథులను తినేసినది క్షయ. నేటికీ భారతదేశంలో ఈ వ్యాధికి గల ప్రధాన కారణాలలో క్షయ ఒకటి కనుక, ఊపిరితిత్తుల దగ్గుతోనే క్షయ కథ ముగుస్తుందని భావించడం సరికాదు.

ఆడిసన్ వ్యాధిలో మరొక గుర్తు చర్మం నల్లబడడం. కార్టిసాల్ తగ్గిందని గ్రహించిన పీయూష గ్రంథి అడ్రినల్‌ను అదిలించే హార్మోన్‌ను అధికంగా విడుస్తుంది. ఆ హార్మోన్ చర్మంలో రంగును పుట్టించే కణాలను కూడా రెచ్చగొడుతుంది. చామనచాయ వారిలో ఈ మార్పు ముఖం కన్నా చిగుళ్ళ మీద, అరచేతి గీతలలో, వేళ్ళ కణుపుల మీద, పాత మచ్చలలో తేలికగా కనబడుతుంది. నెలల తరబడి నీరసం, బరువు తగ్గడం, ఉప్పు మీద యావ, లేచి నిలబడితే కళ్ళు తిరగడం, దానికి తోడు ఈ నలుపు కనబడినప్పుడు సోడియం, పొటాషియం పరీక్షలతో పాటు ఉదయం వేళ కార్టిసాల్‌ను కొలిపించడం తప్పనిసరి.

ఉప్పు మీది ఆ యావ ఎంత అర్థవంతమైనదో 1940లో అమెరికాలోని బాల్టిమోర్ నుంచి లాసన్ విల్కిన్స్, కర్ట్ రిక్టర్ ప్రచురించిన ఒక పసివాడి ఉదంతం తెలియజేస్తుంది. మూడున్నరేళ్ళ ఆ బాలుడు ఉప్పును పిడికిళ్ళతో తినేవాడు; వాడు నేర్చిన తొలి మాటలలో ఉప్పు అనే మాట ఒకటి. వైద్య పరీక్షల కోసం ఆసుపత్రిలో చేర్చినప్పుడు అందరికీ పెట్టే మామూలు భోజనమే వాడికీ పెట్టగా, ఏడు రోజులకు ప్రాణం పోయింది. అడ్రినల్ గ్రంథుల లోపం మరణానంతర పరీక్షలోనే బయటపడింది. ఆ పసివాడి దేహం తన మందును తానే వెతుక్కుని బతికిందనీ, పెద్దలకు అది చెడ్డ అలవాటుగా మాత్రమే కనబడిందనీ గుర్తించినప్పుడు, రోగి కోరికను సైతం ఒక లక్షణంగా వినవలసిన అవసరం బోధపడుతుంది.

ఆ కాలంలో ప్రాణాంతకమైన ఈ వ్యాధికి నేడు మాత్రలున్నాయి. అడ్రినల్ హార్మోన్లను విడదీసి, వాటి నిర్మాణాన్ని, ప్రభావాన్ని వెల్లడించినందుకు ఎడ్వర్డ్ కెండల్, టాడియస్ రైక్‌స్టైన్, ఫిలిప్ హెంచ్ 1950లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఆల్డోస్టెరోన్‌ను 1953లో లండన్‌లో సిల్వియా సింప్సన్, జేమ్స్ టెయిట్ తమ సహచరులతో కలిసి వేరుచేశారు. హైడ్రోకార్టిసోన్, ఫ్లూడ్రోకార్టిసోన్ మాత్రలను జీవితాంతం వేసుకునే రోగి మామూలు జీవితం గడపగలడు. జ్వరం వచ్చిన రోజున హైడ్రోకార్టిసోన్ మోతాదును వైద్యుడు చెప్పిన మేరకు రెండు మూడింతలు చేసుకోవాలనీ, వాంతుల వల్ల మాత్ర నిలవకపోతే వెంటనే ఇంజెక్షన్ అవసరమనీ రోగికి, ఇంటివారికి తెలిసి ఉండాలి.

ఇక్కడే తెలుగు నేల మీద విస్తారంగా పొంచి ఉన్న ఒక ప్రమాదాన్ని చెప్పుకోవాలి. కీళ్ళనొప్పులకు, ఉబ్బసానికి, చర్మవ్యాధులకు వాడే స్టెరాయిడ్ మందులు కార్టిసాల్‌కు దగ్గరి బంధువులు. వాటిని వారాల తరబడి వేసుకుంటే, రక్తంలో కార్టిసాల్ సమృద్ధిగా ఉందని భ్రమించిన పీయూష గ్రంథి తన ఆజ్ఞను ఆపివేస్తుంది, అడ్రినల్ గ్రంథి నిద్రలోకి జారుకుంటుంది. పేరూ చీటీ లేకుండా పొట్లాలలో కట్టి ఇచ్చే నొప్పుల మందులలో కూడా స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చు. వాడినవారి ముఖం గుండ్రమై, పొట్ట పెరిగి, చర్మం పలుచబడి, చక్కెర, రక్తపోటు హెచ్చుతాయి. అమెరికన్ శస్త్రవైద్యుడు హార్వీ కుషింగ్ 1932లో వర్ణించిన రూపం ఇదే. ఆయన రోగులలో కారణం పీయూష గ్రంథిలోని కణితి కాగా, నేడు ఎక్కువమందిలో కారణం వాడుతున్న మందే. ఆ మందును భయపడి ఒక్కసారిగా మానివేయడం మరింత ప్రమాదకరం, ఎందుకంటే నిద్రపోతున్న గ్రంథి వెంటనే మేలుకోదు. అటువంటి మందును వైద్య పర్యవేక్షణలో మెల్లమెల్లగా తగ్గించడమొక్కటే క్షేమమైన మార్గం.

ఆల్డోస్టెరోన్ తగ్గినప్పుడు జరిగేదానికి సరిగ్గా ఎదురు చిత్రాన్ని 1955లో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరోమ్ కాన్ ఆవిష్కరించాడు. అడ్రినల్ గ్రంథిలో పుట్టిన చిన్న కణితి ఆల్డోస్టెరోన్‌ను అదుపు లేకుండా విడవడంతో ఒక స్త్రీకి రక్తపోటు పెరిగి, పొటాషియం పడిపోయి, కండరాలు చచ్చుబడ్డాయి. కణితిని తొలగించిన తరువాత ఆమె కోలుకుంది. చిన్న వయసులోనే వచ్చిన రక్తపోటు మూడు రకాల మందులకు కూడా లొంగనప్పుడు, లేదా పొటాషియం కారణం లేకుండా తగ్గినప్పుడు ఈ వ్యాధిని వెతకడం అవసరం. ఎందుకంటే ఇది కొందరిలో రక్తపోటును పూర్తిగా నయం చేయగల అరుదైన అవకాశం.

ఉప్పు తరువాత చెప్పుకోవలసినది సున్నం. వయోజనుల దేహంలో సుమారు ఒక కిలో కాల్షియం ఉంటుంది. అందులో 99 శాతం ఎముకలలో, పళ్ళలో దాగి ఉంటుంది. రక్తంలో తిరిగే స్వల్పభాగమే గుండె కొట్టుకోవడానికి, కండరాలు ముడుచుకోవడానికి, నరాలు వార్త మోయడానికి ఆధారం. ఆ స్వల్పభాగాన్ని కాపాడేవి మెడలో థైరాయిడ్ వెనుక అతుక్కుని ఉండే నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు, ఒక్కొక్కటి కందిగింజంత. వీటిని తొలుత గుర్తించినది లండన్ జంతుప్రదర్శనశాలలో మరణించిన ఒక భారతీయ ఖడ్గమృగం దేహంలో. 19వ శతాబ్దం మధ్యకాలంలో రిచర్డ్ ఓవెన్ దానిని పరిశీలించాడు. మనుషులలో వీటిని 1880లో వర్ణించినవాడు స్వీడన్‌లోని ఉప్సాలా వైద్యవిద్యార్థి ఇవార్ సాండ్‌స్ట్రోమ్.

థైరాయిడ్ శస్త్రచికిత్సలో ఈ గ్రంథులు పొరపాటున దెబ్బతిన్నా, స్వయంగా నశించినా కాల్షియం పడిపోతుంది. అప్పుడు పెదవుల చుట్టూ, వేళ్ళ చివర తిమ్మిరి పుడుతుంది. చేతివేళ్ళు ముడుచుకుని కొంకర్లు పోతాయి. కొందరికి ఫిట్స్ వస్తాయి. 1909లో అమెరికాలో విలియం మెక్‌కల్లమ్, కార్ల్ ఫోగ్ట్‌లిన్ ఈ కొంకర్లు కాల్షియం ఎక్కించగానే అణగిపోతాయని కుక్కలలో చూపారు. ఏళ్ళ తరబడి మూర్ఛ మందులు వాడుతున్నవారిలో కొందరి అసలు జబ్బు మెదడులో గాక మెడలోని ఈ చిన్న గ్రంథులలో ఉంటుందన్నది గమనించదగిన సత్యం. ఫిట్స్ వచ్చిన ప్రతి రోగికీ కాల్షియం పరీక్ష చేయించాలన్న నియమం దీని నుంచి పుట్టినదే.

కాల్షియం ఒక్కదాన్ని చూస్తే లెక్క సగమే తెలుస్తుంది. దానితో జంటగా భాస్వరాన్ని, అంటే ఫాస్ఫరస్‌ను చూడాలి. పారాథైరాయిడ్ హార్మోన్ కాల్షియంను నిలుపుకుని భాస్వరాన్ని మూత్రంలోకి నెట్టివేస్తుంది. కనుక ఆ హార్మోన్ తగ్గితే కాల్షియం తగ్గి భాస్వరం పెరుగుతుంది. హార్మోన్ మితిమీరితే కాల్షియం పెరిగి భాస్వరం తగ్గుతుంది. డి విటమిన్ లోపంలోనైతే రెండూ తగ్గుముఖం పడతాయి. ఈ మూడింటినీ వేరుచేసే భాస్వరం పరీక్షను సులభసాధ్యం చేసినవాడు తెలుగువాడు కావడం గర్వకారణం. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, రక్తంలోని భాస్వరాన్ని మాలిబ్డినం సమ్మేళనంతో నీలిరంగుగా మార్చి ఆ రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ప్రకటించాడు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతిగా అది దశాబ్దాల పాటు ప్రపంచమంతటా ప్రయోగశాలలలో నడిచింది.

పారాథైరాయిడ్ హార్మోన్ మితిమీరినప్పుడు ఎముకల సున్నం కరిగి రక్తంలోకి, రక్తంలో నుంచి మూత్రపిండాలలోకి చేరి రాళ్ళు కడుతుంది. అమెరికాలో చార్లెస్ మార్టెల్ అనే ఓడ కెప్టెన్ ఈ వ్యాధి వల్ల ఎముకలు కుంగి, ఎత్తులో 7 అంగుళాలు తగ్గిపోయాడు. మెడలో ఎన్నిసార్లు వెతికినా దొరకని కణితి 1932లో ఏడవ శస్త్రచికిత్సలో ఛాతీలో దొరికింది. అప్పటికే మూత్రపిండాలు దెబ్బతిన్న ఆ రోగి కొద్ది వారాలకే మరణించాడు. నేడు స్కానింగ్ తోడ్పాటుతో అటువంటి కణితిని చాలావరకు ముందే గుర్తించి ఒక్క శస్త్రచికిత్సతో తొలగిస్తున్నారు. అందుచేత మూత్రపిండాలలో రాళ్ళు మళ్ళీ మళ్ళీ వచ్చేవారు రాయిని తీయించుకోవడంతో తృప్తిపడక, ఆ రాయి ఎందుకు పుట్టిందో తెలుసుకోవడానికి కాల్షియంను కొలిపించుకోవడం ఉచితం.

మూడవది నీరు. మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో ఒకటి రెండు లీటర్లు తప్ప మిగిలినదంతా వెనక్కి తీసుకుంటాయి. అందులో చివరి వంతును వెనక్కి రప్పించేది హైపోథాలమస్‌లో తయారై పీయూష గ్రంథి వెనుక భాగం నుంచి వెలువడే వాసోప్రెసిన్. ఇది లోపిస్తే రోగి రోజుకు పది పదిహేను లీటర్ల నీళ్ళవంటి మూత్రం పోస్తూ అంత నీరూ తాగుతుంటాడు. మూత్రంలో చక్కెర ఉండదు కనుక మామూలు మధుమేహానికీ ఈ వ్యాధికీ సంబంధం లేదు. వాసోప్రెసిన్ మితిమీరితే నీరు ఒంట్లోనే నిలిచిపోయి సోడియం పలుచబడుతుంది. పెద్దవయసువారు తికమకగా మాట్లాడుతుంటే ఆసుపత్రిలో సోడియం పడిపోయిందని చెప్పడం, ఇంటివారు ఉప్పు ఎక్కువ తినిపించడం నేటి తెలుగు ఇళ్ళలో తరచుగా వినిపించే మాట. అయితే ఉప్పు పోవడం వేరు, నీరు పెరిగి ఉప్పు పలుచబడడం వేరు. మొదటిదానికి ఉప్పు మందయితే, రెండవదానికి సాధారణంగా నీటిని మితం చేయడం మందు. కారణం తెలియకుండా అంకెను మాత్రమే సరిదిద్దబోవడం, అందులోనూ తొందరపడి సరిదిద్దడం మెదడుకు హాని చేస్తుంది.

పీయూష గ్రంథి ముందు భాగం దెబ్బతినడానికి రెండు కారణాలు ఈ దేశానికి ప్రత్యేకంగా సంబంధించినవి. గర్భిణిలో ఆ గ్రంథి పరిమాణం పెరుగుతుంది. కాన్పులో విపరీతంగా రక్తం పోతే రక్తప్రసరణ తగ్గి అది ఎండిపోతుంది. 1937లో గ్లాస్గోలో పనిచేస్తున్న వైద్యుడు హెరాల్డ్ షీహన్ వర్ణించిన ఈ వ్యాధిలో బాలింతకు పాలు పడవు, తిరిగి బహిష్టు రాదు, ఏళ్ళ తరబడి ఆమె నీరసాన్ని సోమరితనంగా చుట్టూ ఉన్నవారు నిందిస్తారు; చివరకు సోడియం, చక్కెర పడిపోయి స్పృహ తప్పినప్పుడు గాని వ్యాధి బయటపడదు. రెండవ కారణం రక్తపింజర కాటు. 18వ శతాబ్దం చివర విశాఖపట్నంలో ఉంటూ కోరమాండల్ తీరపు పాములను అధ్యయనం చేసిన ప్యాట్రిక్ రస్సెల్ పేరుతో లోకమంతా పిలిచే ఈ పాము విషం రక్తాన్ని చెడగొట్టి, కొందరిలో పీయూష గ్రంథిని కూడా నశింపజేస్తుంది. బర్మాలోనూ దక్షిణ భారతంలోనూ ఇటువంటి రోగులను వైద్యులు నమోదు చేశారు. కాటు నుంచి బతికి బయటపడినవారు తరువాత నెలల తరబడి నీరసిస్తే ఆ కాటు సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి.

ఇక థైరాయిడ్ విషయంలో ప్రజలకు అవగాహన కొంత ఉన్నదే. ఆ హార్మోన్ తగ్గితే కొవ్వు, అంటే కొలెస్ట్రాల్, రక్తంలో పేరుకుంటుంది, కొందరిలో సోడియం కూడా తగ్గుతుంది. ఆ హార్మోన్‌కు ముడిసరుకు అయోడిన్. వయోజనులకు రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన ఉలిమిరి రామలింగస్వామి, 1956 నుంచి కాంగ్రా లోయలో జరిపిన అధ్యయనంలో, అయోడిన్ కలిపిన ఉప్పు తిన్న మండలాలలో గొంతువాపు తగ్గిందనీ, మామూలు ఉప్పు తిన్న మండలంలో తగ్గలేదనీ చూపాడు. 1962లో మొదలైన జాతీయ కార్యక్రమానికి ఆ కృషి బలమైన పునాది. ఒక హెచ్చరిక మాత్రం అవసరం. పీయూష గ్రంథి దెబ్బతిన్నవారిలో థైరాయిడ్, కార్టిసాల్ రెండూ తగ్గి ఉంటాయి. కార్టిసాల్ ఇవ్వకుండా థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే రోగి ప్రాణాపాయంలో పడవచ్చు.

ఉప్పు, సున్నం, నీరు అనే మూడు సామాన్య పదార్థాల లెక్కలోనే ఇన్ని గ్రంథుల క్షేమం వ్రాసి ఉంది. సోడియం, పొటాషియం, కాల్షియం పరీక్షలు అరుదైనవి కావు, జిల్లా కేంద్రాలలోని ప్రయోగశాలలలో సైతం జరుగుతున్నవే. లోపించిన హార్మోన్‌ను మాత్రగా తిరిగి ఇవ్వగలగడం వైద్యశాస్త్రం సాధించిన గొప్ప వరాలలో ఒకటి. కాని ఆ వరం, లోపాన్ని గుర్తించినవారికే దక్కుతుంది. అందువల్ల శ్రోతలు మూడు మాటలు గుర్తుంచుకోవాలి. కారణం తెలియని నీరసాన్ని బలం మందులతో కప్పిపుచ్చవద్దు. రక్తపరీక్షలో ఒక లవణం తగ్గినా హెచ్చినా, దానిని సరిచేయించుకోవడంతో ఆగక, అది ఎందుకు తప్పిందని వైద్యుణ్ణి అడగాలి. స్టెరాయిడ్ మందును వైద్యుని సలహా లేకుండా మొదలుపెట్టవద్దు, మొదలుపెట్టినదానిని ఒక్కసారిగా మానవద్దు.